జీవశాస్త్రానికి పునాది ఎక్కడ పడుతుంది?

పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారం పది రోజులలో మన ఉద్యోగుల కాలనీలలో దాదాపు ప్రతి ఇంటా ఒకే చర్చ సాగుతుంది. అమ్మాయిని ఎం.పి.సి.లో చేర్పించాలా, బైపీసీలో చేర్పించాలా? అబ్బాయి ఇంజనీరు కావాలా, డాక్టరు కావాలా? ఈ చర్చలో తరచుగా రెండు మాటలు వినవస్తాయి. "మావాడికి లెక్కలంటే భయం, అందుకే బైపీసీ" అన్నది మొదటిది. "మా అమ్మాయికి జ్ఞాపకశక్తి ఎక్కువ, జీవశాస్త్రం దానికి సులువే" అన్నది రెండవది. ఈ రెండు మాటలూ పిల్లలకు మేలు చేసేవి కావన్నది మా దృఢాభిప్రాయం. జీవశాస్త్రం లెక్కలకు జడిసినవారికి ఆశ్రయమూ కాదు, కంఠస్థం చేసేవారికి వరమూ కాదు.

వృత్తిరీత్యా ఇంజనీర్లమైన మేము జీవశాస్త్రం గురించి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. గత కొన్నేళ్ళుగా సాయంత్రం వేళల్లో కాలనీ పిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలలో సందేహాలు తీరుస్తూ వస్తున్నాము. ఆ సందర్భంలో వారి జీవశాస్త్ర పుస్తకాలను కూడా శ్రద్ధగా చదవవలసి వచ్చింది. చదివిన కొద్దీ, మన కర్మాగారంలో ప్రతిదినం చూసే ప్రక్రియలే అక్కడ మరింత సూక్ష్మంగా, మరింత చాతుర్యంగా జరుగుతున్నట్లు కనిపించింది. ఇంటర్మీడియట్ స్థాయి జీవశాస్త్రానికి ఉన్నత పాఠశాలలోనే ఎట్లా సన్నద్ధం కావాలో ఆ అనుభవంతో వివరించదలచాము.

మెట్టు ఎంత ఎత్తు?

ఎన్.సి.ఇ.ఆర్.టి. 2023లో సవరించి ముద్రించిన పదవ తరగతి సామాన్యశాస్త్ర పుస్తకంలో జీవశాస్త్రానికి సంబంధించినవి, పర్యావరణంతో కలిపి, ఐదు అధ్యాయాలు మాత్రమే. అదే సవరణలో పదకొండవ తరగతి జీవశాస్త్రానికి 19 అధ్యాయాలు, పన్నెండవ తరగతికి 13 అధ్యాయాలు ఉన్నాయి. రెండేళ్ళలో 32 అధ్యాయాలన్నమాట. అయితే అసలు కష్టం సంఖ్యలో లేదు, లోతులో ఉన్నది. పదవ తరగతిలో శ్వాసక్రియ అంటే గ్లూకోజు పైరువేటుగా మారి, అది మైటోకాండ్రియాలో విచ్ఛిన్నమై శక్తి విడుదల అవుతుందని నాలుగు వాక్యాలలో ముగుస్తుంది. పదకొండవ తరగతిలో గ్లూకోజు పైరువేటుగా మారడానికే పది అంచెలు, అటుపై క్రెబ్స్ వలయం, ఆపైన ఎలక్ట్రాన్ల రవాణా! నాలుగు వాక్యాలను బట్టీపట్టిన పద్ధతి ఇక్కడ నిలువదు.

మరొక సంగతి కూడా తల్లిదండ్రులు గమనించాలి. 2023 నాటి సవరణలో పదవ తరగతి నుండి జీవపరిణామ భాగమూ, మూలకాల ఆవర్తన వర్గీకరణ అధ్యాయమూ తొలగించబడినాయి. ఆ పుస్తకం చదివి పైతరగతికి వెళ్ళే విద్యార్థి ఈ రెండింటినీ అక్కడే మొదటిసారి చూస్తాడు. జీవుల వర్గీకరణకు పరిణామ సిద్ధాంతమే ఆధారం గనుక, ఈ లోటును సెలవులలో ఉపాధ్యాయుల సహాయంతో పూడ్చుకోవడం ఎంతైనా అవసరం.

ఇక్కడ ఒక అనుభవం చెప్పక తప్పదు. మా సహోద్యోగి కుమార్తె ఒకరు పదవ తరగతిలో బడికే ప్రథమురాలు. పదకొండవ తరగతి తొలి పరీక్షలో ఆమెకు జీవశాస్త్రంలో సగం మార్కులు కూడా రాలేదు. "నాకు బుర్ర లేదు అంకుల్, మానేస్తాను" అని కంటతడి పెట్టుకున్నది. పుస్తకం తెరిచి చూస్తే ప్రతి పుటలోనూ మూడు రంగుల గీతలు. సొలనేసీ కుటుంబ లక్షణాలు అడిగితే తడుముకోకుండా అప్పగించింది. రక్షక పత్రాలు ఐదు, సంయుక్తం, ఫలంతోపాటు నిలిచి ఉంటాయి అని వరుసగా చెప్పింది. వాళ్ళ అమ్మగారిని అడిగి వంటింట్లో నుండి ఒక వంకాయ తెప్పించి, "దీని తలపై ఉన్న ఈ ఆకుపచ్చని టోపీ ఏమిటమ్మా?" అని అడిగాము. ఆ పిల్ల నిరుత్తర అయింది. కాయతోపాటు నిలిచిపోయిన రక్షక పత్రాలే ఆ టోపీ! తాను అప్పగించిన వాక్యం, తాను రోజూ చూసే కూరగాయ ఒకటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. లోపం ఆమె బుద్ధిలో లేదు, చదివే అలవాటులో ఉన్నది. ఆ అలవాటు మార్చుకున్నాక ఏడాది చివరకు ఆమె ధైర్యం ఆమెకు తిరిగి వచ్చింది. పునాది ఎక్కడ పడుతుందన్న ప్రశ్నకు మా సమాధానం ఇదే. చదివే అలవాటులోనే పడుతుంది, అదీ తొమ్మిది, పది తరగతులలోనే పడుతుంది.

మొదటి రాయి: రసాయన శాస్త్రం

జీవశాస్త్రాన్ని ఎన్నుకున్నవారు మొదట దృఢపరచుకోవలసినది రసాయన శాస్త్రాన్ని. ఆమ్లాలు, క్షారాలు, పీహెచ్ విలువ, ఆక్సీకరణ, క్షయకరణ, సంయోజనీయ బంధం, కార్బన్ సమ్మేళనాలు అన్నవి పదవ తరగతి లోపలనే స్పష్టంగా తెలియాలి. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢతలో పది రెట్లు తేడా అని తెలిసిన విద్యార్థికి, జఠర రసంలో పనిచేసే పెప్సిన్ అనే ఎంజైము చిన్న పేగులోకి రాగానే ఎందుకు నిలిచిపోతుందో వేరే చెప్పనక్కరలేదు.

మన తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం ఇందుకు చక్కని నిదర్శనం. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, అమెరికాలో ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే రసాయన పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతే దారి చూపగా, కండరాలలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్, శక్తిని అందించే ఏ.టి.పి. అణువుల గుట్టును ఆ దశాబ్దం ముగిసేలోగా వెలికితీయగలిగారు. నేటి విద్యార్థి పుస్తకంలో పుటపుటకూ కనిపించే ఏ.టి.పి. వెనుక ఒక రసాయనపు కొలత ఉన్నదన్నమాట.

రెండవ రాయి: లెక్క

లెక్కలకు భయపడి బైపీసీకి వచ్చేవారికి గ్రెగర్ మెండెల్ కథ చెప్పాలి. మఠంలోని తోటలో 1856 నుండి 1863 వరకు బఠానీ మొక్కలను పెంచిన ఈ మతగురువు, అంతకుముందు వియన్నా విశ్వవిద్యాలయంలో డాప్లర్ వద్ద భౌతికశాస్త్రం చదివినవాడు. పొడుగు, పొట్టి మొక్కలను సంకరం చేసినవారు ఆయనకు ముందూ ఉన్నారు. ఆయన చేసిన విశేషం లెక్కపెట్టడం! రెండవ తరంలో 787 పొడుగు మొక్కలు, 277 పొట్టి మొక్కలు వచ్చాయి. నిష్పత్తి 2.84కు 1. దాని వెనుక 3కు 1 అనే నియమాన్ని ఆయన చూడగలిగాడు. సంభావ్యత తెలియనివారికి అనువంశికత అధ్యాయం కొరకరాని కొయ్య. తెలిసినవారికి రెండు నాణేలు ఎగురవేసినంత సులువు.

శాతాలు, నిష్పత్తులు, ఘాతాంకాలు, గ్రాఫు చదవడం, ప్రమాణాల మార్పిడి, ఈ ఐదు వస్తే చాలు. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటూ ప్రతిసారి 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెడితే నిమిషానికి ఎంత? సుమారు 5 లీటర్లు. మూత్రపిండాలు నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోస్తే రోజుకు ఎంత? 180 లీటర్లు! బయటకు వచ్చేది మాత్రం లీటరున్నర. మిగిలినదంతా ఏమయింది? ఈ ప్రశ్న వేసుకున్న విద్యార్థి నెఫ్రాన్ పాఠాన్ని జన్మలో మరువడు. మన కర్మాగారపు ఉష్ణ వినిమాయకాలలో రెండు ద్రవాలను ఎదురెదురుగా పారించడం ఎరిగినవారికి, హెన్లీ శిక్యంలో కూడా అదే సూత్రం నీటిని పొదుపు చేస్తున్నదని తెలిసినప్పుడు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు.

మూడవ రాయి: పదజ్ఞానం

బదిలీలపై రాష్ట్రాలు దాటే మన ఉద్యోగుల పిల్లలకు ఇది ప్రత్యేక సమస్య. తెలుగు మాధ్యమంలో కిరణజన్య సంయోగక్రియ, బాష్పోత్సేకం, ద్రవాభిసరణం అని నేర్చిన పిల్లవాడు వేరొక రాష్ట్రంలోని కేంద్రీయ విద్యాలయంలో చేరగానే ఫోటోసింథసిస్, ట్రాన్స్‌పిరేషన్, ఆస్మాసిస్ అన్న మాటలతో కొత్త లోకంలో పడతాడు. విషయం తెలిసీ మాట తెలియక వెనుకబడతాడు. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు తెలుగు పదం, కుడివైపు ఆంగ్లపదం, మధ్యలో ఒక చిన్న బొమ్మ వేసుకుంటే రెండు నెలల్లో ఈ అడ్డంకి తొలగిపోతుంది.

ఆంగ్లంలో చదివేవారు సైతం పదాల మూలాలు తెలుసుకోవాలి. గ్లైకో అంటే తీపి, లైసిస్ అంటే విడగొట్టడం. కనుక గ్లైకోలైసిస్ అంటే చక్కెరను విడగొట్టడం. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. సైట్ అంటే కణం. ఏజ్ అని ముగిసే మాట సాధారణంగా ఎంజైము పేరు. ఇట్లా నలభై యాభై మూలాలు వస్తే, వందలకొద్దీ పదాలు వాటంతట అవే అర్థమవుతాయి. సంధి విడదీయడం తెలిసిన తెలుగు విద్యార్థికి ఇది కొత్త విద్య కాదు.

నాలుగవ రాయి: బొమ్మ, చూపు

కొత్తగా చేరిన ట్రైనీ ఇంజనీరుకు మనం పుస్తకం ఇచ్చి ఊరుకోము. పైపులైను వెంట నడిపిస్తాము. ఈ వాల్వు ఎందుకు, ఇది మూస్తే ఏమవుతుంది అని అడుగుతాము. ఆ తరువాత చూడకుండా గీయమంటాము. జీవశాస్త్రానికీ ఇదే మార్గం. గుండె బొమ్మను చూసి పదిసార్లు గీయడం కన్న, చూడకుండా ఒకసారి గీసి, తప్పులను ఎర్ర సిరాతో దిద్దుకోవడం ఎంతో ప్రయోజనకరం. "ఈ కవాటం సరిగా మూసుకోకపోతే రక్తం ఎటు పోతుంది?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే ఆ అధ్యాయం సగం వచ్చినట్లే.

ఇక చూపు. మన కాలనీ ప్రాంగణమే ఒక ప్రయోగశాల. మందార పువ్వును కోసి చూస్తే, కేసరాలన్నీ కలిసి ఒక గొట్టమై కీలాన్ని చుట్టుకొని ఉండడం కంటికి కనిపిస్తుంది. దాని బంధువైన బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు గదులు లెక్కించవచ్చు. వంగ, టమాట, మిరప, ఉమ్మెత్త పువ్వులను పక్కపక్కన పెడితే ఒకే కుటుంబమని పుస్తకం చూడకుండానే చెప్పవచ్చు. ఒలిచిన బంగాళదుంప ముక్కలను ఒకటి మంచినీటిలో, ఒకటి గట్టి ఉప్పునీటిలో వేసి గంట తరువాత తాకి చూస్తే ద్రవాభిసరణం అరచేతిలో తెలుస్తుంది. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి పొంగడం కిణ్వప్రక్రియ. పన్నెండవ తరగతి పుస్తకం సైతం ఇడ్లీ, దోసె పిండిని ప్రస్తావించింది. ఈ పరిశీలనలకు ఖర్చు లేదు. కావలసింది తల్లిదండ్రుల పావుగంట కాలం.

ఐదవ రాయి: మననం

జ్ఞాపకశక్తి వద్దని మేము అనడం లేదు. దానిని పెంచే మార్గం వేరని అంటున్నాము. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నది వ్రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం గుర్తుండగా, వ్రాసినవారికి 71 శాతం. వారం తరువాత మాత్రం తారుమారయింది: చదివినవారికి 40 శాతమే మిగలగా, వ్రాసినవారికి 61 శాతం నిలిచింది.

రాత్రి చదివి తెల్లవారి వ్రాసే పరీక్షలలో బట్టీ గెలవడానికీ, రెండేళ్ళ పాఠాన్ని ఒకనాడు వ్రాసే పరీక్షలో ఓడిపోవడానికీ కారణం ఇదే. కనుక చదివిన ప్రతి పాఠాన్నీ పుస్తకం మూసి ఒక కాగితంపై వ్రాయడం, మూడవ రోజున ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి మళ్ళీ వ్రాయడం అలవరచుకోవాలి. ఇంట్లో తమ్ముడికో, నాయనమ్మకో సులువైన మాటల్లో చెప్పడం ఇంకా మంచిది. నాయనమ్మ అడిగే "అయితే ఎందుకట?" అన్న ప్రశ్నకు మించిన పరీక్ష లేదు.

ఆ రెండు నెలలు

పదవ తరగతి పరీక్షలు ముగిసి కళాశాల తెరిచేవరకు సుమారు రెండు నెలల వ్యవధి ఉంటుంది. ఆ కాలంలో పదకొండవ తరగతి పుస్తకాన్ని ముందే బట్టీపట్టించడం మా దృష్టిలో వృథా. దానికి బదులు ఈ క్రమాన్ని సూచిస్తున్నాము. మొదటి రెండు వారాలు విశ్రాంతి, పరిశీలనలు మాత్రమే. తరువాతి రెండు వారాలు రసాయన శాస్త్ర ప్రాథమికాంశాలు, ఆవర్తన పట్టికతో సహా. ఆపై రెండు వారాలు శాతాలు, సంభావ్యత, గ్రాఫులు, పదమూలాల నోటుపుస్తకం. చివరి రెండు వారాలు కణం గురించిన అధ్యాయం ఒక్కటే, నింపాదిగా, బొమ్మలతో. రోజుకు రెండు గంటలు మించనవసరం లేదు. మిగిలిన సమయం ఆటలకు, నిద్రకు, అమ్మమ్మగారి ఊరికి చెందాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

2025లో జరిగిన నీట్ పరీక్షకు 22 లక్షలకు పైగా విద్యార్థులు హాజరైనారు. 12 లక్షలకు పైగా అర్హత పొందినారు. దేశంలోని ఎం.బి.బి.ఎస్. సీట్లు మాత్రం లక్షా పాతిక వేలకు అటూ ఇటూ. ఆ పరీక్షలోని 180 ప్రశ్నలలో 90 జీవశాస్త్రానివే అయినా, తక్కిన సగం భౌతిక, రసాయన శాస్త్రాలది. లెక్కకు జడిసినవారు ఆ సగంలోనే వెనుకబడతారు. ఈ అంకెలు భయపెట్టడానికి చెప్పడం లేదు. వైద్య విద్య ఒక్కటే గమ్యమని బిడ్డకు నూరిపోస్తే, సీటు దొరకని పిల్లలందరూ తాము ఓడిపోయామని తలచే ప్రమాదం ఉన్నది. వ్యవసాయం, పశువైద్యం, మత్స్యశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్, జీవసాంకేతిక శాస్త్రం, ఐసర్ వంటి సంస్థలలో పరిశోధన, ఇవన్నీ జీవశాస్త్రం తెరిచే తలుపులే.

పదిహేనవ ఏట తీసుకున్న నిర్ణయం తిరుగులేనిదని కూడా భావించనక్కరలేదు. సి.బి.ఎస్.ఇ.లో గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే వీలున్నది. పన్నెండవ తరగతి గణితంతో ఉత్తీర్ణులైనవారు సైతం జీవశాస్త్రాన్ని అదనపు విషయంగా పూర్తిచేసి నీట్ వ్రాయవచ్చునని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. మనసు తేల్చుకోలేని పిల్లలను తొందరపెట్టవలసిన అవసరం లేదు.

ప్రొటీన్ల నిర్మాణాన్ని ప్రపంచానికి విశదపరచిన జి.ఎన్. రామచంద్రన్‌గారు భౌతికశాస్త్రవేత్త. 1963లో మద్రాసు నుండి వెలువడిన ఆయన పటం నేటికీ ప్రొటీన్ల పరిశోధనలో ప్రమాణం. పదకొండవ తరగతి పుస్తకంలో కణం గురించిన భాగం ఆయన పరిచయంతోనే మొదలవుతుంది. శాస్త్రాల మధ్య మనం కట్టిన గోడలు ప్రకృతిలో లేవని మన పిల్లలకు తెలియజెప్పడానికి అంతకన్న మంచి తొలి పుట ఉండబోదు.

ఈ ఏడాది బైపీసీ ఎన్నుకున్న మన కాలనీ బిడ్డలందరికీ మా శుభాకాంక్షలు. "ఎన్ని మార్కులు వచ్చాయి?" అన్న ప్రశ్నకు ముందు, "ఈ రోజు ఏమి చూశావు, ఎందుకట్లా జరిగింది?" అన్న ప్రశ్న ప్రతి ఇంటా వినిపించాలని మా ఆకాంక్ష.